పాత అనలాగ్ కన్సోల్ మాడిఫికేషన్: ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు వద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. 80ల నాటి 24 ఛానెళ్ల అనలాగ్ మిక్సింగ్ కన్సోల్ ఒకటి మీ చేతికొచ్చింది. పనిచేస్తోంది గానీ హిస్ (వెనకాల వినిపించే సన్నటి రొద) ఎక్కువ, రెండు మూడు ఛానెళ్లు వస్తూ పోతూ ఉన్నాయి. మీరు రాసుకున్న లిస్టు: టీఎల్072 అనే ఓప్‌యాంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) ఐసీలన్నీ పీకేసి కొత్త రకం ఓప్‌యాంప్‌లు వేయడం, కెపాసిటర్లన్నీ మార్చడం, ప్రతి ఛానెల్‌కీ డైరెక్ట్ అవుట్ (ఆ ఛానెల్ సిగ్నల్ ఒక్కటే విడిగా బయటికి వచ్చే జాక్) పెట్టడం. సోల్డరింగ్ వచ్చు, సర్క్యూట్ డయాగ్రమ్ దొరికింది. ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ లిస్టును తలకిందులు చేయండి. ముందు పవర్ సప్లై, తర్వాత కనెక్టర్లూ స్విచ్‌లూ, ఆ తర్వాత కెపాసిటర్లు. ఈ మూడూ మరమ్మతు కిందికి వస్తాయి, మాడిఫికేషన్ కిందికి రావు. ఇవి అయ్యాక కన్సోల్‌ని విని, కొలిచి, అప్పుడు ఓప్‌యాంప్‌ల సంగతి చూడండి. మార్చాలనుకున్న ఐసీల్లో చాలావాటి జోలికి పోవాల్సిన అవసరమే ఉండదు. డైరెక్ట్ అవుట్‌లు చేయదగ్గ పనే, కానీ చివర్లో. ఏ పనైనా మొదట ఒక్క ఛానెల్‌లో చేసి, పక్కనున్న ముట్టుకోని ఛానెల్‌తో పోల్చి చూసి, లాభం తేలాకే మిగతా 23కి వెళ్లండి.

కారణాలు వివరంగా చెబుతాను. ముందుగా ప్రాణానికి సంబంధించినవి రెండు మాటలు. సప్లై పెట్టె తెరిచేముందు ప్లగ్ పీకి, పెద్ద కెపాసిటర్ల మీద ఎంత వోల్టేజ్ మిగిలిందో మీటర్‌తో చూసి, కొన్ని వందల ఓమ్‌ల పవర్ రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేయండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ కొట్టే అలవాటు ఉంటే మానేయండి. హమ్ (కరెంటు వల్ల వచ్చే గుయ్యిమనే శబ్దం) పోవడానికి మెయిన్స్ ఎర్త్ పీకేయమని ఎవరు చెప్పినా వినొద్దు, ఎంత పెద్ద ఇంజనీరైనా సరే.

పవర్ సప్లై ఎందుకు ముందు? ఎందుకంటే మీరు వేయబోయే ఐసీలను మోసేది అదే. లెక్క వేసి చూద్దాం. ఛానెల్‌కి ఆరు డ్యుయల్ ఓప్‌యాంప్‌లు (ఒక్కో ఐసీలో రెండేసి ఉండేవి) అనుకుంటే 24 ఛానెళ్లకు 144 ఐసీలు. టీఎల్072 ఒక్కోటి మామూలుగా 2.8 మిల్లీ యాంపియర్లు తాగుతుంది, మొత్తం 400 చిల్లర. వాటి స్థానంలో నాయిస్ తక్కువుండే ఎన్‌ఈ5532 వేశారనుకోండి, ఒక్కోదానికి 8 మిల్లీ యాంపియర్లు, మొత్తం 1150 పైనే. అంటే ప్రతి రైలు (సప్లై నుంచి ఐసీలకు వెళ్లే ప్లస్ లేదా మైనస్ వోల్టేజ్ లైను) మీదా ముప్పావు యాంపియర్ అదనపు భారం. రైళ్లు ప్లస్ మైనస్ 17 వోల్టులైతే కన్సోల్ లోపలే ఇంకో 25 వాట్ల వేడి పుడుతుంది, రెగ్యులేటర్ల దగ్గర పెరిగే వేడి దీనికి అదనం. ఇది ఛానెళ్ల లెక్క మాత్రమే. గ్రూపులు, మాస్టర్ సెక్షన్, మీటర్ల ల్యాంపులు ఇందులో లేవు.

ఇక రిపుల్, అంటే డీసీ మీద మిగిలిపోయే హెచ్చుతగ్గులు. మెయిన్స్ 50 హెర్ట్జ్ అయితే బ్రిడ్జి రెక్టిఫయర్ తర్వాత 100 హెర్ట్జ్ వస్తుంది. 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద ఒక యాంపియర్ లోడ్ పెడితే రిపుల్ రెండు వోల్టులు దాటుతుంది. మామూలు మూడు కాళ్ల రెగ్యులేటర్‌కి ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య కనీసం రెండు వోల్టుల పైన తేడా ఉండాలి. కెపాసిటర్ ముసలిదై విలువ తగ్గిపోయిందంటే, రిపుల్ అడుగుకి చేరిన ప్రతిసారీ రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, రైలు మీద 100 హెర్ట్జ్ పళ్లు కనబడతాయి. నాకు తెలిసిన ఒక స్టూడియోలో ఐసీలన్నీ మార్పించుకున్నాక హమ్ పెరిగింది. వాళ్లు వారాల తరబడి గ్రౌండ్ లూప్ కోసం కేబుళ్లు పీకి పెట్టారు. ఆసిలోస్కోప్ ప్రోబ్ రైలు మీద పెట్టగానే కథంతా అక్కడే ఉంది: గీత తిన్నగా లేదు, రంపంలా ఉంది.

కాబట్టి కన్సోల్ మొత్తం కనెక్ట్ చేసి ఉండగా, అరగంట వేడెక్కనిచ్చి, రైలు వోల్టేజ్‌లు కొలవండి. లోడ్ లేకుండా తీసిన రీడింగ్ పనికిరాదు. మీటర్‌ని ఏసీ మిల్లీవోల్టుల రేంజికి మార్చి రిపుల్ కూడా చూడండి. స్కోప్ ఉంటే మరీ మంచిది, ఈ పనికి ఒకటి అరువైనా తెచ్చుకోండి. 48 వోల్టుల ఫాంటమ్ (మైక్‌లకు కేబుల్ ద్వారానే వెళ్లే సప్లై) విడిగా కొలవాలి, నాలుగు వోల్టులు అటూ ఇటూ ఉండొచ్చు.

సప్లైలోని పెద్ద కెపాసిటర్లు మార్చేటప్పుడు ఒక ఆశ పుడుతుంది, ఎలాగూ మారుస్తున్నాం కదా నాలుగింతలు పెద్దవి వేద్దామని. వద్దు. కెపాసిటర్ పెద్దదయ్యేకొద్దీ రెక్టిఫయర్ నుంచి కరెంటు తక్కువ సమయంలో పెద్ద కుదుపులుగా లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది, ఆ కుదుపులు దగ్గరున్న వైర్లలోకి బజ్‌గా ఎక్కుతాయి. పాత విలువే, లేదా దానికి ఒకటిన్నర రెట్ల లోపు చాలు. రిపుల్ కరెంట్ రేటింగ్, 105 డిగ్రీల గుర్తు చూసుకోండి. సప్లైని పని తర్వాత మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ ల్యాంప్ (మెయిన్స్ లైన్‌కి వరుసలో ఒక బల్బు) పెట్టండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు.

కనెక్టర్లూ స్విచ్‌ల దగ్గరే సగం జబ్బులు నయమవుతాయి. మీ ఛానెళ్లు వస్తూ పోతూ ఉండడానికి ఓప్‌యాంప్ కారణం అయ్యే అవకాశం బాగా తక్కువ. ఓప్‌యాంప్ చెడితే సాధారణంగా పూర్తిగా చెడుతుంది, లేదా అవుట్‌పుట్ ఏదో ఒక రైలుకి అతుక్కుపోతుంది. వస్తూ పోతూ ఉండేది కాంటాక్ట్. నేను మొదట చూసేది ఇన్సర్ట్ జాక్, అంటే ఛానెల్ మధ్యలో బయటి పరికరం కలపడానికి ఉండేది. అందులో ప్లగ్ లేనప్పుడు సిగ్నల్ ఒక చిన్న స్ప్రింగ్ కాంటాక్ట్ మీదుగా వెళ్తుంది, ఏళ్ల తరబడి వాడకపోతే అది నల్లబడుతుంది. పరీక్ష తేలిక: ఇన్సర్ట్‌లో సెండ్‌నీ రిటర్న్‌నీ కలిపిన ప్లగ్ ఒకటి గుచ్చండి. ఛానెల్ శుభ్రంగా వచ్చేసిందా, దోషం ఆ జాక్‌దే.

తర్వాత ఛానెల్ స్ట్రిప్‌ని మదర్‌బోర్డుకి కలిపే రిబ్బన్ కేబుళ్లు. వాటి కనెక్టర్లను రెండు మూడు సార్లు పీకి పెట్టడంతోనే ఛానెళ్లు లేచి కూర్చోవడం మామూలే, కానీ అది తాత్కాలికం. కాంటాక్ట్ క్లీనర్ వాడండి, పట్టు వదిలేసిన కేబుళ్లు మార్చేయండి. ఫేడర్ల మీద తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కొట్టొద్దు, కార్బన్ ట్రాక్ పాడవుతుంది. ఫేడర్ల కోసం తయారైన క్లీనర్ కొద్దిగా, అది కూడా అవసరమైతేనే.

ఇక కెపాసిటర్లు. ఎలక్ట్రోలిటిక్‌లకు వేడే శత్రువు. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది అందరూ వాడే లెక్క. అందుకే కన్సోల్‌లో సప్లై పక్కన, రెగ్యులేటర్ల దగ్గర, మీటర్ బ్రిడ్జి ల్యాంపుల వెనక ఉన్నవి ముందు పోతాయి. చల్లగా ఉండే మూలల్లో ఉన్నవి నలభై ఏళ్ల తర్వాత కూడా విలువ సరిగ్గా చూపించొచ్చు. పోయినదాన్ని గుర్తుపట్టడం ఒక్కోసారి మీటర్ లేకుండానే కుదురుతుంది: సోల్డరింగ్ ఐరన్ కెపాసిటర్ కాలికి తగలగానే చేపల కంపు కొడితే, కెపాసిటర్ తీశాక బోర్డు మీద దాని అడుగున ముదురు మరక కనిపిస్తే, లోపలి ద్రవం కారిందన్నమాట. ఆ మరకను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకుండా కొత్తది వేయకండి, ఆ ద్రవం రాగి ట్రాక్‌ని తినేస్తూనే ఉంటుంది.

ఒక ఛానెల్ మొత్తం రీక్యాప్ చేసి (ఎలక్ట్రోలిటిక్‌లన్నీ మార్చి) పక్క ఛానెల్‌తో పోల్చమన్నది అందుకే. తేడా ఏమీ లేదంటే మిగతావాటిని ఇప్పుడే మార్చాలన్న తొందర లేదు. ఎలాగూ స్ట్రిప్‌లు బయటికి తీస్తున్నాం, మళ్లీ మళ్లీ ఎవరు తీస్తారు అనుకుంటే మార్చేయండి, అందులో తప్పు లేదు. కానీ ఫిల్మ్ కెపాసిటర్లను, ఈక్వలైజర్‌లో ఉండే చిన్న విలువ కెపాసిటర్లను ముట్టుకోవద్దు. అవి పాడైపోవడం అరుదు, పైగా ఈక్యూ ఫ్రీక్వెన్సీలు వాటి మీదే ఆధారపడి ఉంటాయి. రైళ్ల మీద నీటిబొట్టు ఆకారంలో టాంటలమ్ కెపాసిటర్లు ఉంటే మాత్రం నేను మొహమాటం లేకుండా తీసేస్తాను. అవి పోయేటప్పుడు షార్ట్ అయి పోతాయి, ఒక్కోసారి నిప్పుతో సహా.

మైక్ ఇన్‌పుట్ దగ్గరున్న కప్లింగ్ కెపాసిటర్లకు (డీసీని ఆపి ఆడియోని పంపేవి) ఫాంటమ్ తగులుతుంది కాబట్టి 63 వోల్టులవి వేయండి. పాత వాటి ధ్రువం ఎటు ఉందో మార్చేముందే ఫోటో తీసుకోండి. బోర్డు మీద అచ్చువేసిన గుర్తు తప్పుగా ఉన్న కన్సోళ్లు కూడా ఉన్నాయి, కాబట్టి డయాగ్రమ్‌తో సరిచూసుకోండి. ఫాంటమ్ ఇచ్చే 6.81 కిలోఓమ్ రెసిస్టర్ల జత జోలికి వెళ్తే రెండూ కలిపి మార్చండి. ఆ రెండింటి మధ్య తేడా 0.4 శాతం దాటకూడదు, దాటితే కామన్ మోడ్ రిజెక్షన్ (కేబుల్ రెండు వైర్లలోకీ ఒకేలా దూరే రొదను తోసేసే గుణం) పడిపోతుంది.

సోల్డరింగ్ గురించి ఒక్కటే. అప్పటి చవక కన్సోళ్లలో బోర్డులు గోధుమరంగు ఫినాలిక్‌వి, ఒకవైపే రాగి. ప్యాడ్‌లు చిటికెలో లేచిపోతాయి. ఐసీ తీయాలంటే ముందు దాని కాళ్లు కత్తిరించి, ఆ తర్వాత ఒక్కో కాలూ విడిగా లాగండి. ఐసీని కాపాడాలని చూస్తే బోర్డు పోతుంది. పాత సోల్డర్ సీసం కలిసినది, 183 డిగ్రీలకే కరుగుతుంది. అదే రకం వాడితే తక్కువ వేడితో పని అయిపోతుంది.

ఇప్పుడు ఓప్‌యాంప్‌లు. టీఎల్072 అంటే అందరికీ చులకన. పాత డేటాషీట్ ప్రకారం దాని నాయిస్ 18 నానోవోల్టులు, ఎన్‌ఈ5532ది 5. అంకెలు చూసి అన్నీ మార్చేద్దాం అనిపించడం సహజం. కానీ ఛానెల్‌లో లైన్ లెవల్ దగ్గర పనిచేసే ఓప్‌యాంప్ చేర్చే హిస్, ముందున్న మైక్ స్టేజి పెంచి పంపిన హిస్ కింద కప్పబడిపోతుంది. మైక్ స్టేజి సంగతి చూస్తే, అప్పటి కన్సోళ్లలో చాలావాటికి ముందు విడి ట్రాన్సిస్టర్లు ఉండి వాటి వెనక ఓప్‌యాంప్ ఉంటుంది. నాయిస్‌ని తేల్చేది ఆ ట్రాన్సిస్టర్లే, వెనక ఐసీ మార్చినా ఏమీ మారదు. 200 ఓమ్‌ల సోర్స్‌కి ప్రకృతి పెట్టిన హద్దు మైనస్ 129.6 డీబీయూ (ఆడియో లెవల్ కొలిచే డెసిబెల్ లెక్క, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ నాయిస్ తక్కువ). మీ ఇన్‌పుట్ ఇప్పటికే మైనస్ 127 ఇస్తుంటే అక్కడ పిండుకోవడానికి మిగిలింది రెండున్నర డీబీ.

మార్చడం వల్ల వచ్చే తలనొప్పులూ తెలుసుకోండి. టీఎల్072 ఇన్‌పుట్ బయాస్ కరెంట్ (ఇన్‌పుట్ కాలు దానంతటది లాగే కరెంటు) పికోయాంపియర్లలో ఉంటుంది, 5532ది 200 నానోయాంపియర్లు. ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 100 కిలోఓమ్ ఉన్నచోట 5532 పెడితే 20 మిల్లీవోల్టుల డీసీ పుడుతుంది. దాని తర్వాత కప్లింగ్ కెపాసిటర్ లేకుండా పాట్ (నాబ్‌తో తిప్పే కంట్రోల్) ఉంటే, నిన్నటిదాకా నిశ్శబ్దంగా తిరిగిన పాట్ గరగరలాడుతుంది, స్విచ్ నొక్కితే టప్పుమంటుంది. పాట్ పోయిందనుకుని పాట్ మారుస్తారు, అయినా తగ్గదు.

ఇంకొకటి, 5532, దాని ఒంటి ఓప్‌యాంప్ రూపమైన 5534 లోపల రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఎదురెదురుగా డయోడ్లు ఉంటాయి. పీక్ ఎల్‌ఈడీ లాంటి కంపారేటర్ (రెండు వోల్టేజ్‌లను పోల్చే) సర్క్యూట్లలో వీటిని వేస్తే ఆ డయోడ్లు అడ్డం తిరుగుతాయి. అక్కడ పాత ఐసీనే ఉండనివ్వండి. 5534 అయితే గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) మూడు కంటే తక్కువ ఉన్నచోట 5, 8 కాళ్ల మధ్య 22 పికోఫారడ్ లేకుండా నిలకడగా ఉండదు. 4136 అనే, నాలుగు ఓప్‌యాంప్‌లుండే ఐసీ ఉన్న పాత కన్సోల్ అయితే దాని కాళ్ల అమరికే వేరు, టీఎల్072కి నాలుగింటి రూపమైన టీఎల్074ని నేరుగా దింపలేరు.

ఎల్‌ఎమ్4562 లాంటి వేగమైన ఓప్‌యాంప్‌లు కావాలంటే ఒక్కో ఐసీ దగ్గరా రైళ్ల మధ్య 100 నానోఫారడ్ సెరామిక్ ఉండాలి. ఆ కాలపు బోర్డుల్లో నాలుగు ఐసీలకు ఒకటి ఉంటే అదే గొప్ప. లేకుండా వేస్తే వినడానికి అంతా బాగానే ఉంటుంది, కానీ స్కోప్‌లో గీత సన్నగా ఉండాల్సిన చోట లావుగా, మసకగా కనిపిస్తుంది. టైమ్‌బేస్ వేగం పెంచి చూస్తే మెగాహెర్ట్జ్‌లలో ఊగుతూ ఉంటుంది. ఐసీ మీద వేలు పెడితే మామూలు కంటే వేడిగా ఉండడం ఇంకో గుర్తు. స్కోప్ లేకుండా వేగమైన ఓప్‌యాంప్‌ల జోలికి వెళ్లొద్దన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం.

మరి మార్చాల్సిన చోటు ఏది? మిక్స్ బస్, అంటే ఛానెళ్లన్నీ వచ్చి కలిసే లైను. అక్కడ మార్పు నిజంగా వినిపిస్తుంది. 24 ఛానెళ్లు 22 కిలోఓమ్ రెసిస్టర్ల ద్వారా ఒకే మిక్స్ యాంప్‌కి చేరితే, సిగ్నల్‌కి గెయిన్ ఒకటే గానీ ఆ యాంప్ సొంత నాయిస్‌కి గెయిన్ 25 రెట్లు, అంటే 28 డీబీ. లెక్క వేస్తే టీఎల్072తో బస్ నాయిస్ సుమారు మైనస్ 81 డీబీయూ, 5532తో మైనస్ 91 దగ్గర. తొమ్మిది డీబీల పైగా తేడా, అదీ స్టీరియో బస్‌లో ఒకే ఒక్క ఐసీతో! గ్రూపు బస్‌లూ ఆక్సిలరీ బస్‌లూ కలుపుకున్నా వేళ్లమీద లెక్కపెట్టేన్ని ఐసీలే, సప్లైకి వచ్చే భారం లెక్కలోకి రాదు. అయితే ఈ లాభం ఛానెళ్ల ఫేడర్లు కిందికి ఉన్నప్పుడే బాగా తెలుస్తుంది. 24 ఫేడర్లూ పైకెత్తితే ఛానెళ్ల నాయిస్‌ల మొత్తం దీన్ని మింగేస్తుంది. అందుకే వాడని ఛానెళ్లను మ్యూట్‌లో పెట్టుకోవడం ఏ మాడిఫికేషన్‌కీ తీసిపోదు, ఖర్చు లేదు.

కాబట్టి నా సలహా: మిక్స్ యాంప్‌లు, బయట కేబుళ్లను నడిపే అవుట్‌పుట్ ఐసీలు మార్చండి, ఈక్యూ ఐసీలు వదిలేయండి. మంచి రకం సాకెట్లు పెట్టండి, గుండ్రటి పిన్నులవి. రేకు రకం సాకెట్లు పెడితే కొన్నేళ్లకు ఇంకో వస్తూ పోయే జబ్బు కొని తెచ్చుకున్నట్టే.

డైరెక్ట్ అవుట్‌కి సిగ్నల్ ఎక్కడినుంచి తీయాలి అని మీరు విడిగా అడిగారు. ఫేడర్ తర్వాత ఉండే బఫర్ యాంప్ అవుట్‌పుట్ నుంచి, సిగ్నల్‌ని ఎడమ కుడిలకు పంచే పాన్ పాట్‌కి ముందు. ఫేడర్ జారుడు కాంటాక్ట్ నుంచి నేరుగా తీయకూడదు, కేబుల్ కెపాసిటెన్స్‌తో పై ఫ్రీక్వెన్సీలు తగ్గుతాయి, ఫేడర్ స్థానాన్ని బట్టి ఆ తగ్గుదల మారుతూ ఉంటుంది. బఫర్ నుంచి 47 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 కిలోఓమ్, చివర సిరీస్‌లో 75 ఓమ్. ఆ 75 ఓమ్ లేకపోతే పొడవైన కేబుల్ తగిలించినప్పుడు ఓప్‌యాంప్ ఊగిపోవచ్చు. మూడు కాంటాక్ట్‌ల జాక్ పెట్టి, రింగ్ నుంచి గ్రౌండ్‌కి అలాంటిదే కెపాసిటర్, 75 ఓమ్ పెడితే ఇంపీడెన్స్ బ్యాలెన్స్‌డ్ (రెండు వైర్లకూ ఒకే ఇంపీడెన్స్ ఉండే) అవుట్‌పుట్ వస్తుంది, బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఉన్న రికార్డర్‌కి హమ్ లేకుండా వెళ్తుంది. ఆ బఫర్ టీఎల్072 అయితే ఆ ఒక్క స్థానంలో 5532 వేయొచ్చు, పైన చెప్పిన డీసీ సంగతి చూసుకుని.

జాక్‌ల గ్రౌండ్ ఎక్కడ కలుపుతున్నారన్నది ముఖ్యం. షీల్డ్‌ని జాక్ దగ్గరే ఛాసిస్‌కి కలపాలి, ఛానెల్ బోర్డు మీది ఆడియో గ్రౌండ్‌కి కాదు. బోర్డుకి కలిపితే షీల్డ్ మీద తిరిగే హమ్ కరెంటంతా ఆడియో గ్రౌండ్‌లోంచి పోతుంది. దీన్నే పిన్ 1 సమస్య అంటారు, ఆడియో ఇంజనీరు నీల్ మన్సీ 1995లో ఏఈఎస్ (ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ) జర్నల్‌లో వివరంగా రాశాడు. తర్వాత 2005లో ఏఈఎస్48 అనే ప్రమాణం కూడా వచ్చింది. వెనక ప్యానెల్‌కి రంధ్రాలు వేసేటప్పుడు స్ట్రిప్‌లన్నీ బయటికి తీసి వేయండి. బోర్డు మీద పడ్డ ఒక్క ఇనుప రజను చాలు, పని పెట్టడానికి. రంధ్రాలే వద్దనుకుంటే డైరెక్ట్ అవుట్‌లను మల్టీపిన్ కనెక్టర్ ద్వారా వెనక విడి ప్యానెల్‌కి తీసుకెళ్లొచ్చు, రేపు అమ్మాలనుకున్నా కన్సోల్ ఒరిజినల్‌గానే ఉంటుంది.

ఇవన్నీ చేస్తే పేరున్న ఖరీదైన కన్సోళ్ల సౌండ్ వస్తుందా అన్నారు. రాదు. నీవ్ 1073 లాంటి మాడ్యూల్ 24 వోల్టుల ఒంటి రైలు మీద, విడి ట్రాన్సిస్టర్లతో, ఇన్‌పుట్‌లోనూ అవుట్‌పుట్‌లోనూ ట్రాన్స్‌ఫార్మర్లతో నడుస్తుంది. మీది పూర్తిగా వేరే డిజైన్. అది కావాలంటే రెండు విడి ప్రీయాంప్‌లు కొనుక్కుని మీ కన్సోల్ లైన్ ఇన్‌పుట్‌లోకి పెట్టుకోవడం ఉత్తమం.

మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న స్థితిని కొలిచి రాసుకోవడం మర్చిపోకండి. కంప్యూటర్, మంచి ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు: మైక్ ఇన్‌పుట్‌కి 150 లేదా 200 ఓమ్ రెసిస్టర్ పెట్టి ఫుల్ గెయిన్‌లో నాయిస్, లైన్ లెవల్‌లో ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్, ఫేడర్లన్నీ కింద పెట్టి స్టీరియో అవుట్ నాయిస్. ఒక ఛానెల్‌ని చివరిదాకా ఫ్యాక్టరీ స్థితిలోనే ఉంచండి.

డయాగ్రమ్ ఉందన్నారు కాబట్టి మూడు వివరాలు చెప్పండి: మిక్స్ యాంప్ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ విలువ, సప్లైలో రెగ్యులేటర్ల నంబర్లు, కన్సోల్ మొత్తం లోడ్‌లో ఉండగా రెగ్యులేటర్ ఇన్‌పుట్ దగ్గర వోల్టేజ్. మీ సప్లై ఎన్ని 5532లను మోయగలదో లెక్కకట్టి చెబుతాను.